బొటనవేలి పక్కన వేలు

నర్మదా,

మత్స్యకారుల సొసైటీ చేపల లెక్క రాయడం అయ్యాక ఇది రాస్తున్నాను. ఇక్కడ అందరం బాగున్నాం.

మా మహేశ్, కోడలు స్వప్నల బాబు కుడిచేతికి బొటనవేలి పక్కన ఇంకో చిన్న వేలు ఉందని నీకు తెలుసు. గ్రహణం నాడు స్వప్న చేపలు కోసినందుకే ఇట్లా అయిందని మీ పెద్దమ్మ అన్నది. అప్పటి నుంచి కోడలు సరిగా అన్నం తినలేదు.

ఆ వేలి గురించి నువ్వు ల్యాబ్ నుంచి రాసి పంపింది మీ పెద్దమ్మకు చదివి వినిపించాను. వేళ్లను మలిచే జీన్ బాగానే ఉంటుందని, డీఎన్ఏలో దానికి చాలా దూరంగా ఉండే స్విచ్ లాంటి ముక్క దాన్ని ఎక్కడ పని చేయించాలో చెబుతుందని, అందులో ఒక్క అక్షరం మారినా ఇలాంటి వేలు రావచ్చని చెప్పాను. ఆ ముక్క మీ ల్యాబ్ చేపల్లోనూ, కోళ్లలోనూ, మనలోనూ దాదాపు ఒకేలా ఉంటుందని, ఆ మార్పు తల్లి నుంచో తండ్రి నుంచో, వాళ్లకు అలాంటి వేలు లేకపోయినా, రావచ్చని కూడా చెప్పాను.

"గవన్నీ నాకెందుకు? మనింట్ల ఎవ్వరికున్నది గిట్ల?" అన్నది.

నా కుడిచెయ్యి చాపి మచ్చ చూపించాను. పసితనంలో మా అమ్మ దారం కట్టి ఇలాంటి వేలే రాల్చిన చోటు అది. కొడవలి గాటు అనుకుని మీ పెద్దమ్మ ఎన్నడూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

"ఇన్నేండ్లు నోట్ల బెల్లం పెట్టుకున్నవా?" అని తిట్టింది. లేచి, కంచంలో అన్నం పెట్టుకుని కోడలి దగ్గరకు పోయింది.

ఇప్పుడు మహేశ్ ఆదిభట్ల కంపెనీ దోస్తులు వచ్చినా బాబు పిడికిలి మీ పెద్దమ్మే విప్పి, "అచ్చం తాత చెయ్యే" అని చూపిస్తోంది. దారం మాట ఎత్తనివ్వడం లేదు. ఆ వేలు తీయించాలో వద్దో పెద్ద దవాఖానలో అడిగి రాయి. తొందరేం లేదు. తీయించాలన్నా, ముందు మీ పెద్దమ్మను ఒప్పించాలి.

నీ పెద్దబాపు