నీకెవరూ లేరన్నావట

బుధవారం సాయంత్రం
వార్డు బయటి బెంచీ మీద నుంచి

డాక్టరు అడిగితే నీకెవరూ లేరని చెప్పావట. ఉతికిన బట్టల సంచి పట్టుకుని తలుపు దగ్గర నిలబడితే నర్సమ్మ నన్ను ఎగాదిగా చూసి, ఆవిడ తనకెవరూ లేరన్నారే, మరి నువ్వెవరమ్మా అని అడిగింది. చెల్లెల్ని అని చెప్పడానికి బదులు సంచి ఆమె చేతిలో పెట్టేశాను. అమ్మ పోయినప్పటి నుంచి నాకు జడలు వేసి, జ్వరమొస్తే పక్కనే కూర్చుని, చివరికి నువ్వు కుట్టే బట్టల ఫ్యాక్టరీలోనే ఇస్త్రీ పనిలో పెట్టించిన దానివి. ఒక్క మాటతో నన్ను లేకుండా చేశావు.

ఎందుకో తెలుసు. రక్తసంబంధీకులెవరైనా కాలేయంలో ముక్క ఇవ్వాల్సి రావచ్చని డాక్టరు అనగానే నీకు నా మొహం కనపడి ఉంటుంది.

లోపలికి రానివ్వడం లేదు కాబట్టి రాస్తున్నాను. నర్సమ్మ చదివి వినిపిస్తానంది. వింటూ వింటూ నిద్ర నటించకు, ఆ వేషాలు నాకు కొత్త కాదు.

నీకేమైందో డాక్టర్ని నిలేసి అడిగాను. నాకు పెద్ద చదువు లేదు, అర్థమయ్యేదాకా చెప్పండి అన్నాను. పాపం, బొమ్మ గీసి చూపించాడు. నీ కాలేయంలో చాలా భాగం చచ్చిపోయిందట. చచ్చిన చోటల్లా లోపల్లోపలే నెత్తురు కారిందట. నెత్తురు గడ్డకట్టడానికి కావలసిన సరుకు తయారుచేసేదీ కాలేయమేనట. అది పడకేసింది కాబట్టే నీ చిగుళ్ళ రక్తం ఆగడం లేదు, సూది గుచ్చిన చోటల్లా కమిలిపోతోంది. నువ్వేమో బ్రష్షు గరుకుగా ఉందని నాచేత కొత్తది తెప్పించావు.

కారణం విన్నాక ఇంకా మండింది. పంటినొప్పి. ఆర్డరు గడువు దగ్గర పడితే మీ కుట్టు లైనులో ఎవరూ సీటు దిగరు. నొప్పి అంటే చాలు, దారపు రీళ్ళతోపాటు మాత్రలూ చేతులు మారుతూ వచ్చేస్తాయి. వెనక మిషను పిల్ల తలనొప్పి మాత్ర, బటన్ల పిన్ని జ్వరం మాత్ర, కాలర్లు కుట్టే ఆవిడ ఒళ్ళునొప్పుల మాత్ర. ఒకరిది పుచ్చుకుని ఇంకొకరిది వద్దంటే నొచ్చుకుంటారని అన్నీ మింగావు. వారం పొడుగునా, తిండి కూడా మానేసి. రంగులే వేరు, లోపలి మందు ఒకటేనట. మోతాదు దాటితే అదే విషమట.

పిన్ని గేటు దగ్గర కూర్చుని, నా చేత్తోనే ఇచ్చానే అని ఏడుస్తోంది. ఊరుకో పిన్నీ, మా అక్క మొహమాటానికి విషమిచ్చినా బాగుందని తాగుతుంది అన్నాను. ఏడుస్తూనే నవ్వింది.

విరుగుడు ఎక్కిస్తున్నారు. దాంతోనే కోలుకోవచ్చు. లేకపోతే ముక్క పెట్టాలి. నాకు ప్రమాదమే లేదని డాక్టరు అనలేదు, నేనూ అనను. కానీ కోసినా మళ్ళీ పెరుగుతుందట అది. నాలో మిగిలిందీ పెరుగుతుంది, నీలో పెట్టిందీ పెరుగుతుంది. నా చిన్నప్పుడు గౌను కుడితే, ఎదుగుతున్న పిల్ల అని లోపల గుడ్డ మడిచి వదిలేదానివి చూడు. కాలేయాన్నీ ఎవరో అలాగే కుట్టినట్టున్నారు.

నా ఒంటి మీద కత్తి పడాలా వద్దా అని తేల్చడానికి నువ్వెవరివి? ఒళ్ళు నాది.

ఇట్లు,
నీకు లేని నీ చెల్లెలు

తా.క.: రక్తం పరీక్ష చేయించుకున్నాను. గ్రూపు కలిసింది. మిగతా పరీక్షలు నువ్వు ఊ అంటేనే చేస్తారట. పైనంతా ధైర్యంగా రాశాను గానీ, కోత ఎక్కడ పెడతారో డాక్టరు వేలితో చూపించినప్పుడు చూపు పక్కకు తిప్పేసుకున్నాను. అయినా నువ్వు తిరిగి రాని మన గదికి రోజూ తాళం తీయడం నావల్ల కాదక్కా. విషం తలకెక్కితే నీకు మాట తడబడుతుందట, తెలివి ఉండగానే నీ నోటితో చెప్పాలట. రేపు పొద్దున డాక్టరు రౌండుకొచ్చే లోపు నర్సమ్మను పిలిచి, బయట ఉన్నది నా చెల్లెలు, దాన్ని లోపలికి రానివ్వండి అని చెప్పు. అంతకు మించి ఒక్క పూట కూడా ఆగను.