పిచ్చుకా అని పిలిస్తేనే పలుకు

తల్లీ, నీ కళ్లకు ఎదురుగా ఉండాలని బొమ్మల బల్లకే ఈ చీటీ అంటిస్తున్నాను. నేను సైబర్ పోలీసుల దగ్గరకు వెళ్తున్నాను. ఎవడో నెట్‌లో మన గేటు ఫోటో పెట్టి, "బొమ్మలు వేసేది కూతురా, తండ్రా? వచ్చి తేలుస్తాం" అని రాశాడు. నీ దగ్గర దాచడం నా వల్ల కాలేదు.

బయట తాళం వేశాను. రెండో తాళంచెవి పైవాటాలో బట్టలు కుట్టే అత్తయ్య దగ్గరుంది. నీకు అన్నం తినిపించడానికి ఆవిడే వస్తుంది. వచ్చి "పిచ్చుకా" అని పిలుస్తుంది. నీ అసలు పేరు ఇప్పుడు లోకమంతటికీ తెలిసిపోయింది. ఆ పేరుతో ఎవరు పిలిచినా, నేను పంపానని చెప్పినా, పలకకు. చక్రాల కుర్చీని కిటికీ దగ్గరకు పోనివ్వకు. మంచినీళ్ల సీసాలో గొట్టం పెట్టాను.

నాకు భయంగా ఉంది. మెట్ల మీద చెప్పుల చప్పుడైతే చాలు, వెళ్లి గడియ చూసొస్తున్నాను. మీ అమ్మ బతికుంటే నాలుగు చీవాట్లు పెట్టి ధైర్యం చెప్పేది. నేను గీసిన పిల్లిని చూసి "పందికొక్కు బాగా కుదిరింది నాన్నా" అన్నావే, ఆ ఒక్క బొమ్మ చూపిస్తే వాళ్ల అనుమానం తీరిపోతుంది.

నాన్న

ఇంకో మాట. వాళ్ల రాతలు చదివాక ఇక కుంచె ముట్టనన్నావు. పొద్దున చూస్తే, నువ్వు పళ్లతో పట్టుకునే చోట నేను చుట్టిన గుడ్డ తడిగా ఉంది. ఏమీ అడగను. అది తీసేసి, ఇంకా మెత్తని గుడ్డ చుట్టి పెట్టాను.