గుడారంలో చప్పట్లు

సోన్‌కుల్ పచ్చిక కొండ మీది నుంచి,

తమ్ముడు జోల్దోష్‌కి,

నువ్వు పంపిన టీపొడి, మిఠాయిలు అందాయి. తెచ్చినవాడి గుర్రం మీదే తిప్పి పంపుతున్నాను.

మీ బావ పోయిన రోజు నీకు గుర్తుందో లేదో. శవం గుడారంలో తెర వెనక ఉంది. నేను మన ఆచారం ప్రకారం గుమ్మానికి వీపు పెట్టి, గోడవైపు తిరిగి కూర్చున్నాను. అప్పుడు గుర్రాల డెక్కల చప్పుడు వినబడింది. కనుమ అవతలి నుంచి ఆయన అన్నదమ్ములే పాత పగలు మానుకుని వచ్చారనుకున్నాను. వాళ్ల మనసు కరగాలని, ఆయన మంచితనమంతా ఎత్తి చెబుతూ, గొంతు పోయేదాకా శోకాలు పెట్టాను.

ఆపగానే చప్పట్లు వినబడ్డాయి. తిరిగి చూస్తే, నువ్వు గుర్రాల మీద కొండలు తిప్పే విదేశీ అతిథులు కెమెరాలు పట్టుకుని నిలబడ్డారు. నువ్వు నా చెవి దగ్గరికి వంగి, "కాస్త నవ్వు అక్కా. పాట కచేరీ అని చెప్పాను. శవం ఉందంటే ఇక్కడ పులిసిన గుర్రప్పాల కుమిస్ కూడా తాగరు" అన్నావు.

ఇప్పుడేమో ప్రతి యాత్రకీ నా గుడారంలో ఒక రాత్రి బస పెడతానని, మళ్లీ అదే పాడమని కబురు పెట్టావు.

పాడనని అనడం లేదురా. కానీ అది అయినవాళ్లు చచ్చినప్పుడే పాడేది. నాకిక మిగిలిన అయినవాడివి నువ్వొక్కడివే. ఆ రోజు నీ అతిథుల్ని రానీ, కడుపునిండా చప్పట్లు కొట్టనీ. ఈసారి నేను వెనక్కి తిరిగి చూడను.

అక్క