నేను చెప్పిన వయసు

జులై 21
రూతుకు కూత నిలబడుతుందని డ్రిల్లు సారు చెప్పాడు. బడి మొత్తంలో ఇంత ఊపిరి ఎవరికీ లేదంట. లేకేం. నా మనవరాలు.
ఎనిమిదో తరగతి దాకా నలుగురిలో నోరు విప్పేది కాదు. తల్లి లేని పిల్ల. కబడ్డీ జట్టులో చేరాక చూడాలి... కూతకు పోతే రోడ్డు మీదికి వినపడుతుంది. ఇప్పుడు పదో తరగతి.

జులై 30
వాన. ఆట లేదు. మోకాళ్ల నొప్పి.

ఆగస్టు 6
చాగలమర్రి పిల్లలతో పోటీ. ఆఖరులో రూతు వెనక గీత తొక్కింది. ఎవరూ చూడలేదు. తనే చెయ్యెత్తి బయటికి పోయింది. ఒక్క పాయింటుతో ఓడారు.
దారి పొడుగునా తిట్టాను. ఎవరు చూసినారని పోయినావ్...
“తొక్కినా కదా తాతా.”
అంతే. ఇంటికొచ్చి మామూలుగా అన్నం తినింది.

ఆగస్టు 19
శనివారం నంద్యాలలో సెలెక్షన్లు. పద్నాలుగేండ్ల లోపు పిల్లలకు. నెగ్గితే స్పోర్ట్సు హాస్టల్లో సీటు. చదువు, తిండి, ఆట అన్నీ అక్కడే. పది అయిపోతే ఇక్కడ ఎవరు ఆడిస్తారు. నేనా, విగ్రహాల షెడ్డులో రాయి రుద్దేవాణ్ణి. ఈ దగ్గుతో ఇంకెన్నాళ్లు. ఆ సీటు రావాలి.

ఆగస్టు 23
నంద్యాల పోయి వచ్చాం.
ఆట దాకా పోనే లేదు. కాగితాలు చూసే బల్ల దగ్గరే ఆపేశారు. ఏప్రిల్లోనే పద్నాలుగు నిండాయంట.
నిండలేదు. పదమూడే. ఆ ఒక్క ఏడు నేను కలిపింది. నా కూతురు పోయినప్పుడు రూతుకు నాలుగేండ్లు. షెడ్డుకు తీసుకుపోతే రాతిదుమ్ముకు దగ్గేది. బళ్లో వేద్దామంటే ఐదు నిండాలన్నారు. నిండాయి అన్నాను. రాసుకున్నారు. ఆధార్లో కూడా అదే పడింది.
ఎవరు చెప్పారు ఈ తారీకు అని బల్ల దగ్గరి సారు అడిగాడు. పక్కనే ఉన్నాను. అబద్ధం ఆడనోడని పేటలో నాకు పేరు.
రూతే చెప్పింది. “మేమే తప్పు చెప్పినాం సార్. నాకు పదమూడే.” నా వైపు చూడలేదు. కాగితంలో ఉన్నదే లెక్క అన్నాడాయన.
బస్సులో డ్రిల్లు సారు పక్కన కూర్చున్నాడు. “పెద్దాయనా, వయసు తప్పు చెప్పినానని నీ చేత్తో రాసియ్యి. హెడ్మాస్టరు పైకి పంపుతాడు. అయితాదని మాత్రం చెప్పలేను.” వచ్చే శనివారం దాకా గడువు.

ఆగస్టు 25
తెల్లారే గ్రౌండుకు బయలుదేరింది. ఇంకెందుకు పోతాండావ్ అన్నాను. వాళ్ల జట్టులో ముగ్గురు సెలెక్టయ్యారంట. వాళ్లకు ఎదురు ఆడేవాళ్లు కావాలంట.

ఆగస్టు 27
తెల్లకాగితం కొన్నాను. పేరు రాశాను. నాయన పేరు రాశాను. తర్వాత చెయ్యి కదల్లేదు.
షెడ్డు మేస్త్రీ తొంగి చూశాడు. ఏందప్పా రాస్తాండావ్... మడిచి జేబులో పెట్టుకున్నాను.

ఆగస్టు 29
రూతు ఒక్క మాట అడగలేదు. అడిగితే తిట్టేవాణ్ణి. తిట్టాక రాసేవాణ్ణేమో.

ఆగస్టు 30, శనివారం
పొద్దున బడికి పోయాను. గ్రౌండు నిండా పిల్లలు. తెచ్చినావా పెద్దాయనా అని డ్రిల్లు సారు అంత దూరం నుంచే అడిగాడు. లేదన్నాను. నాలుగు దాకా ఉంటానన్నాడు.
రూతు అక్కడే కూర్చుని ఒక పిల్ల మడమకు గుడ్డ చుడుతోంది. వినింది. తలెత్తలేదు.
ఇప్పుడు రెండున్నర. కాగితం ఈ పుస్తకం పక్కనే ఉంది. నాలుగేండ్ల పిల్లకు ఐదని చెప్పాను. ఇదిగో, ఈ పుస్తకంలో రాయగలిగాను. ఆ కాగితంలో ఇంకా నా పేరు, మా నాయన పేరే...
బడి మా వీధి చివరే.