బకెట్లో బతుకమ్మ

అక్టోబర్ 17, మధ్యాహ్నం

పదో తరగతి తర్వాత ఉత్తరాలు తప్ప ఏమీ రాయలేదు. దేవుడి ముందు కూర్చుంటే కొడుకు మీద ఫిర్యాదు నోట రావడం లేదు. అందుకే మనవరాలి పాత నోట్‌బుక్‌లో ఖాళీ పేజీలు తీసుకున్నాను.

ఆయన పోయాక సిరిసిల్ల నుంచి సూరత్ వచ్చి ఏడాది. జులైలో ఏకాదశి నాడు గుడికి వెళ్లి దారి తప్పాను. బోర్డులన్నీ గుజరాతీ. చీకటి పడేదాకా ఉధ్నా స్టేషన్‌లో కూర్చున్నాను. మర్నాటి నుంచి కొడుకు ఉమాకాంత్, కోడలు సంధ్యారాణి డ్యూటీకి వెళ్తూ బయట తాళం వేస్తున్నారు. నా మంచికేనట. ఇప్పుడు దీపావళి సెలవులు. మూడో తరగతి చదివే సుభాషిణి కూడా నాతో లోపలే.

బడివాళ్లు డ్రాయింగ్ ప్రాజెక్ట్ ఇచ్చారు. ఈ ఏడు ఇంట్లో ఏదైనా ఒక పండగ ఎలా జరిగిందో గీసి, రంగులు వేసి తేవాలి.

అక్టోబర్ 19

దీపాలు, ముగ్గు గియ్యమన్నాను. వినలేదు. సద్దుల బతుకమ్మ గీసింది.

ఆ రోజు తంగేడు దొరక్క ఒట్టి బంతిపూలతోనే పేర్చాను. పసుపు గౌరమ్మను పెట్టాను. ఆరింటికల్లా వస్తామన్న వాళ్లు ఓవర్‌టైంలో ఉండిపోయారు. పక్కింటి సారక్క పిలవడానికి వచ్చి, తాళం చూసి, కిటికీలోంచి నవ్వింది. "ఏందక్కా, నిన్ను గూడ బీరువల పెట్టి పోయిండ్రా?" ఆడవాళ్లంతా తాపీ నదికి వెళ్లిపోయారు. సాగనంపాల్సిన తల్లిని ఇంట్లో ఉంచుకోకూడదు. బకెట్ నింపి, పిల్ల చూస్తుండగా అందులో వదిలాను. మునగలేదు. పక్కకు ఒరిగి అట్లాగే ఉండిపోయింది.

పిల్ల అదే గీసింది. బకెట్, నేను, తలుపు. తలుపు కంటే తాళం పెద్దది.

అక్టోబర్ 21

ఉమాకాంత్ బొమ్మ చూశాడు. అరవలేదు. "బయటోళ్లకు తాళమెందుకు చూపాలె అమ్మా? జర నువ్వే సమజాయించు" అన్నాడు. బకెట్ బదులు నది గీయించమన్నాడు. పిల్ల ఆ కాగితాన్ని పరుపు కింద దాచింది.

అక్టోబర్ 26

లలితా సహస్రం రెండుసార్లు చదివాను. ఇంకా పన్నెండే అయింది.

నవంబర్ 6, సాయంత్రం

బడి తెరిచారు. పిల్ల పరుపు కింద దాచిన బొమ్మనే పట్టుకెళ్లింది. టీచర్ బొమ్మ చూసి, నానమ్మను తీసుకురమ్మని ఫోన్ చేసింది. ఉమాకాంత్ బండి మీద తీసుకెళ్లి గేటు దగ్గరే ఆగాడు. టీచర్ హిందీలో, మెల్లగా అడిగింది, ఈ తాళం నిజమేనా అని. నిజమైతే మీ అబ్బాయితో నేను మాట్లాడతానంది. ఇన్ని నెలల్లో నన్ను అడిగిన మనిషి ఆమె ఒక్కతే.

కాదన్నాను. పిల్ల ఊహించి గీసిందన్నాను.

టీచర్ బొమ్మ కింద ఎర్ర పెన్నుతో రాసింది. జరిగిందే గీయాలి, మళ్లీ గీసి తీసుకురా అని.

బండి మీద మా ఇద్దరి మధ్య కూర్చుని పిల్ల ఆ ఎర్ర అక్షరాలే చదువుకుంటూ వచ్చింది. ఇంటికి వచ్చాక అడిగింది.

"నానమ్మా, నువ్వు ఝూట్ ఎందుకు చెప్పినవ్?"

నవంబర్ 8

కొత్త బొమ్మ అయింది. నది ఉంది, బతుకమ్మ ఉంది, అమ్మా నాన్నా నవ్వుతున్నారు. నేనెక్కడని అడిగాను. నువ్వు ఇంట్లో ఉన్నావంది.

ఈ పేజీలు ఎవరికి దొరికినా చింపకుండా ఉంచండి. ఎవరికీ చూపించవద్దు.