ముడి కింద చిగురు

ప్రియమైన తమ్ముడూ,

వరసగా మూడు రోజులు మంచు పడింది. నర్సరీలో నాన్న అంటుకట్టిన కమలా మొక్కలన్నీ నల్లబడి చచ్చాయి. నాలుగో వరసలో ఒక్కటి మాత్రం మొదలుకి కప్పిన గడ్డిలోంచి చిగురేసింది. మళ్లీ చలి తగులుతుందేమోనని గడ్డి కదపలేదు. చలికి చావని కమలా కావాలని ఇరవై ఏళ్లు నాన్న పడ్డ పాట్లు ఊరికే పోలేదురా. ఆస్పత్రిలో ఆయన చెవిన వెయ్యి. కొత్త రకం నమోదు ఫారం, ఓ ఆకు పంపుతున్నాను. కొత్త రకానికి పెట్టే పేరు గడిలో ఎవరి పేరు రాయాలో నీకు చెప్పాలా, మనల్ని కన్న అమ్మదే.

నీ అక్క

అక్కా,

నాన్న ఆకు నలిపి వాసన చూశాడు. కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. సంతోషమే అయ్యుంటుంది. ఆయనకి లేచి కూర్చునే ఓపిక లేదని ఫారం పిన్ని చేత రాయించాను. అమ్మ పోయాక నాన్నని కట్టుకుని మనల్ని పెంచిన మనిషి, తన అక్క పేరు గుండ్రంగా రాసి, "బాగుందారా?" అంది. నాకు తల కొట్టేసినట్టయింది.

నీ తమ్ముడు

ఒరేయ్ తమ్ముడూ,

ఫారం పంపకు. ఇవాళ గడ్డి తీసి చూశాను. చిగురు అంటుముడి కిందనుంచి వచ్చింది. ముడి పైన నాన్న కట్టిన కమలా కొమ్మ ఎండు పుల్ల. బతికింది, వేరు బలం కోసం కింద పెట్టిన అడవి నిమ్మ. దాని కాయ నోట పెట్టలేం. ఇన్నేళ్లు ఈ పనిలో ఉన్నదాన్ని, ముడి చూడకుండా సంబరపడ్డాను, నా మొహం. నాన్నకి చెప్పకు, ఆ నమ్మకంతోనే ఉండనీ. ముడి కింద చిగురు కనిపిస్తే తుంచెయ్యడమే కదా మన పని. ఈ ఉత్తరం పోస్టులో వేసి, వెళ్లి తుంచేస్తాను.

అక్క

అక్కా,

నాన్న నిన్న పొద్దున పోయాడు. కడసారి చూపుకి నువ్వు అందవని తెలిసీ దహనం ఆపలేకపోయాం. నీ ఉత్తరం ఆ తర్వాత వచ్చింది.

అది కమలా కాదని ఆయనకి ఆ ఆకు వాసనతోనే తెలిసిపోయిందట. పోయేముందు పిన్నిని పిలిచి, ఫారంలో అమ్మ పేరు కొట్టెయ్యమన్నాడు.

"మరి ఏం రాయమంటారు?"

"నీ పేరు. అంటు పోయింది, బతికింది అడుగు మొక్కే. ఎవరూ నమోదు చెయ్యరు. అయినా రాయి. ఇన్నేళ్లూ ఇంటిని మోసింది నువ్వు. ఒక్కసారీ ఆ మాట అనలేదు నేను."

పిన్ని రాయలేదు. ఫారం మడిచి సంచిలో పెట్టుకుంది. వచ్చే వారం బస్సుకి నీ దగ్గరికి వస్తోంది, ఆ చిగురు చూడాలట. మనల్ని పెంచిన ఇన్నేళ్లలో తనకంటూ అడిగింది ఇదొక్కటే.

తుంచేశావా అక్కా? తుంచేసి ఉంటే, పిన్ని బస్సు దిగాక నువ్వే చెప్పు. నా వల్ల కాదు.

నీ తమ్ముడు