మళ్లీ అదే చవక ల్యాప్‌టాప్

మంగళవారం, ఎల్లారెడ్డి

నన్ను అడగకుండానే శీనన్న మళ్లీ ఆ చవక రకం ల్యాప్‌టాప్‌నే కామారెడ్డిలో ఖాయం చేసి వచ్చాడు. ఫొటో స్టూడియో ఆయనదే, కానీ పెళ్లి ఆల్బమ్‌లు చేసేది నేను. పోయిన నెల పాతది మొరాయిస్తే మెమరీ మారుద్దామని విప్పాను. మెమరీ బోర్డుకే అతికించి ఉంది. వీడియోలు చూసి నేర్చుకున్న నా పనితనం అక్కడితో సరి. వేడి చేసి ఊడదీయబోయి బోర్డునే కాల్చేశాను. అందులో ఉన్న ఆల్బమ్ పోయింది. లింగంపేట పెళ్లివాళ్లు నన్నే తిట్టారు.

"అన్నా, ఏ పార్టుకు ఆ పార్టు ఊడే ల్యాప్‌టాప్ ఇంకోటి ఉన్నది. ధర ఎక్కువనే, కానీ ఖరాబైతే నేనే బాగు చేస్త" అన్నాను ఇవాళ.

"నువ్వు ఇప్పితే ఏమైతదో సూసిన తియ్యిరా!" అని నవ్వాడు.

ఇంట్లో చెబితే బీడీలు చుడుతున్న అమ్మ, "నా కత్తెర మొద్దువడితే సాన వట్టిస్త. ఇప్పరాని మిషిన్ ఎందుకురా కొనుడు?" అంది.

ఈ పని మానేద్దామా? నేను చేసిన ప్రతి ఆల్బమ్ మీదా శీనన్న పేరే ఉంది. వేరేచోట ఏం చూపించను?

ల్యాప్‌టాప్ వచ్చేది శుక్రవారం. రేపు మొహం మీదే అడుగుతాను: అన్నా, ఆ బేరం రద్దు చెయ్యి. లేదంటే ఇక ఆల్బమ్ ఆగితే పెళ్లివాళ్లకు నువ్వే జవాబు చెప్తానని ఒప్పుకో. గురువారం సాయంత్రంలోపు నాకు ఏదో ఒకటి చెప్పాలి.